కాలితో రాయమన్న అక్షరాలు

ఈ వేసవిలో మా ఇంట్లో నా కాలి గురించి మాట్లాడని మనిషి లేడు, నేను తప్ప. నన్నెవరూ అడగలేదు. కాలు మాత్రం నాదే.

నా పేరు కనకలక్ష్మి. మా అమ్మాయి ప్రవీణ, అల్లుడు దినేష్‌లతో హఫీజ్‌పేటలో ఉంటాను. రెండో అంతస్తు, పాత అపార్ట్‌మెంటు, లిఫ్టు లేదు. ఇద్దరూ పొద్దున్నే కంప్యూటరు ఉద్యోగాలకి వెళ్ళి దీపాలు పెట్టాక వస్తారు. మొన్నమొన్నటిదాకా ప్రవీణ ఇంట్లోంచే పని చేసేది. ఈ ఉగాది నుంచి రోజూ ఆఫీసుకి రావాల్సిందేనని కంపెనీవాళ్ళు కబురు పెట్టారు.

ఆ కొత్తలోనే ఒక రోజు వెళ్ళిన కాసేపటికి ఫోన్ చేసింది.

"అమ్మా, టీపాయ్ మీద నా కార్డు ఉందా?"

ఉంది. నీలం తాడుతో, దాని ఫొటోతో. అది చూపిస్తే తప్ప వాళ్ళ తలుపులు తెరుచుకోవట.

"నేను తెస్తానుండు," అన్నాను.

"వద్దులే అమ్మా, ఎండ," అంది. కొంచెం ఆగి, "సరే, ఆటోలో రా. దిగేటప్పుడు జాగ్రత్త," అంది.

కోకాపేటలో ఆ మేడ కింద నిలబడి తలెత్తితే మెడ పట్టేసింది. అంతా అద్దాలే. ఆటోని లోపలికి రానివ్వలేదు. ప్రవీణ గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చి కార్డు తీసుకుని, నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, మళ్ళీ పరుగెత్తింది. వెళ్ళేవాళ్ళు కనుమరుగయ్యేదాకా చూడటం నాకు అలవాటు. రైలైనా, బస్సైనా, పక్కవీధి మలుపైనా. అది అద్దాల తలుపులోకి పోయేదాకా చూస్తూ ఒక అడుగు వెనక్కి వేశాను. వెనక ఫుట్‌పాత్ మీద ఉండాల్సిన రాతి పలక లేదు.

అన్ని అంతస్తులు ఆకాశంలోకి లేపినవాళ్ళకి కింద ఒక పలక వేయించడానికి తీరలేదు. లోపల చలువ గదులున్నాయి, కాఫీ యంత్రాలున్నాయి, బయట మనిషి పాదం మోపే చోటు లేదు. ఇప్పటికీ ఆ పలక వేశారో లేదో నాకు తెలియదు. వేసి ఉండరు.

చీలమండ ఎముక విరిగింది. కళ్ళజోడు పగిలింది. మా అల్లుడిది నంద్యాల వైపు. వాళ్ళమ్మగారు ఫోన్లో, "మా కాడైతే పుత్తూరు కట్టు కట్టించేవాళ్ళం వదినా," అని బాధపడ్డారు. ఇక్కడ సిమెంటు కట్టు వేశారు. ఎండలు ముదిరేదాకా మంచం మీదే. పడ్డ వారంలోనే ప్రవీణతో చెప్పాను, కళ్ళజోడు పగిలిందే అని. "ఆర్డరు పెడతానమ్మా," అంది. అప్పుడే దాని ఫోన్ మోగింది. ఆ తర్వాత నేను మళ్ళీ అడగలేదు. సెలవలన్నీ నాకోసమే వాడేసింది. వాళ్ళ ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారని దినేష్‌తో గుసగుసగా చెప్పడం విన్నాను. ఇంకా కళ్ళజోడు సంగతి ఏం అడుగుతాను? అల్లుడిని అడగడానికి నోరు రాదు.

కట్టు విప్పిన రోజు కాలు చూసి అది నాది కాదనుకున్నాను. సన్నగా, పొలుసులు లేచి, ఎవరో వదిలేసి వెళ్ళిన కాలులా ఉంది. పాదం పైకి లేవమంటే లేవలేదు. పక్కకి తిరగమంటే మోకాలు తిరిగింది గానీ అది తిరగలేదు.

అప్పుడు దివ్య రావడం మొదలుపెట్టింది. ఫిజియోథెరపీ చదివిన పిల్ల. జనగామ వైపు మనిషి. స్కూటీ మీద వస్తుంది, వచ్చిన దగ్గర్నుంచీ మాట్లాడుతూనే ఉంటుంది.

"ఫికర్ చేయకు అమ్మమ్మా. నీ కాలు మొండిది గంతే. మనం దానికంటే మొండిగుండాలె."

ఆ పిల్లంటే నాకు ఇష్టమే. తువ్వాలు నేల మీద పరిచి వేళ్ళతో దగ్గరికి లాగమనేది, లాగేదాన్ని. రబ్బరు పట్టీని పాదానికి తగిలించి అటూ ఇటూ గుంజమనేది, గుంజేదాన్ని. వంటింటి గట్టు పట్టుకుని మడమలు లేపమంటే కళ్ళలో నీళ్ళు వచ్చినా లేపాను. నేను ఒళ్ళు దాచుకునే మనిషిని కాదు.

ఒక మధ్యాహ్నం నన్ను మంచం అంచున కూర్చోబెట్టి, కాలు కిందికి వేలాడేయమంది.

"ఇగ అసలు ఎక్సర్‌సైజ్ ఇది. నీ బొటనవేలు పెన్ను అనుకో. గాలిలో ఏ బీ సీ డీ రాయాలె. అన్ని దిక్కులకు తిరుగుతది చీలమండ."

"నాకు ఇంగ్లీషు రాదమ్మా."

"అయితే అఆలు రాయి. ఇంకా మంచిది. మన అక్షరాలల్ల వంకరలెక్కువ."

నేను దాని ముఖంలోకి చూశాను. హాస్యమాడటం లేదు.

నన్ను బడికి పంపలేదు. పచారీ కొట్టు పొట్లాలు విప్పి, ఆ కాగితాలు చదును చేసుకుని, మా తమ్ముడిని బతిమాలి ఇది ఏ అక్షరం, అది ఏ అక్షరం అని అడిగి నేర్చుకున్నాను. ఒక్కో అక్షరం ఒక్కొక్కరి కాళ్ళావేళ్ళా పడి తెచ్చుకున్నదే. ఉప్పు కట్టిన కాగితం ముక్క మీద పొరపాటున కాలు పడినా తీసి కళ్ళకద్దుకున్నాను. ఇప్పుడు ఆ అక్షరాలనే కాలి బొటనవేలితో గాలిలో గీకమంటోంది.

కాలు కదపలేదు. నోరూ విప్పలేదు. ఇది నోరు విడిచి చెప్పాల్సిన మాటా? తెలుగింట పుట్టిన పిల్లకి?

"అ రాయి అమ్మమ్మా."

పాదం మంచం కిందికి లాక్కున్నాను.

"రాస్తలేవేంది? యాదికొస్తలేదా? సరే, నోటితో చెప్పు. అ తర్వాత ఏమొస్తది?"

ఒళ్ళు మండిపోయింది. గోడ వైపు తిరిగి కూర్చున్నాను. దివ్య నన్ను అదోలా చూసింది. ప్రగతి నగర్లో ఇంకో మనిషిని చూడాలట, ఫోన్లో ఏదో నొక్కుకుంటూ వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు నా తల నిమిరింది. అలా ఎప్పుడూ నిమరలేదు.

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో వింత మొదలైంది.

"అమ్మా, ఇవాళ ఏ వారం?" అంది ప్రవీణ, టిఫిను డబ్బా మూత పెడుతూ.

"నీ ఆఫీసుకి నన్ను అడిగి వెళ్తున్నావా?"

"చెప్పమ్మా, ఊరికే."

"గురువారం. సాయిబాబా గుడి మైకు వినపడటం లేదూ?"

అది దినేష్ వైపు చూసింది. ఆయన తల ఊపాడు. సాయంత్రం ఆయన వచ్చి నా మంచం పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఎప్పుడూ కూర్చోడు పాపం, తీరిక ఉండదు.

"అత్తా, మా తమ్ముని పేరేం చెప్పు?"

"బాలు. మీ తమ్ముడితో ఏమైనా గొడవా బాబూ?"

"గొడవేం లేదత్తా."

"పేరు తెలుసుకుని నేనేం చేయగలను? ఏదైనా ఉంటే మీరే సర్దుకోండి."

ఆయన నవ్వలేదు. పేపరు తెచ్చి నా చేతికిచ్చాడు. "ఈ మధ్య పేపరు ముట్టుకోనే లేదంట. ఇది చదువు చూద్దాం."

కళ్ళజోడు లేకుండా చూస్తే పేపరంతా చీమలు పారినట్టుంది. "తర్వాత చూస్తాలెండి," అన్నాను. ఆయన పేపరు మడిచి, చాలాసేపు మడుస్తూనే ఉండి, లేచి వెళ్ళాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ నాతో మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఒక్కో మాటా విడదీసి, చంటిపిల్లకి ముద్దలు కలిపి పెట్టినట్టు.

శనివారం మధ్యాహ్నం సురేంద్ర అనే ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు. గొంతు మాత్రం ఊరేగింపులో మైకులా ఉంది.

"అమ్మా, బాగున్నారా? నేనెవరో చెప్పండి చూద్దాం."

"మీరు చెప్తేగా నాకు తెలిసేది."

పెద్దగా నవ్వి, జేబులోంచి పెన్ను తీసి నా ముక్కు దగ్గర ఊపాడు. "దీన్నేమంటారమ్మా?"

"మీరు కొనేటప్పుడు కొట్టువాడు చెప్పలేదా?"

"అమ్మా, సరిగ్గా చెప్పు," అంది ప్రవీణ. నా చెయ్యి పట్టుకుంది. అందుకని చెప్పాను, పెన్ను అని. గడియారం చూపిస్తే గడియారం అన్నాను. ఆయన భలే భలే అన్నాడు. నలభై ఏళ్ళు కాపురం, వంట, పిల్ల, అన్నీ చేసుకొచ్చిన మనిషికి గడియారం గుర్తుపట్టినందుకు భలే.

తర్వాత ఒక రంగుల కాగితం తీసి టీపాయ్ మీద పరిచాడు. పచ్చగడ్డి, పూలకుండీలు, బెలూన్లు పట్టుకుని వరసగా కూర్చున్న ముసలివాళ్ళు.

"కోకాపేట దాటగానే అమ్మా. అందరూ మీ ఈడువాళ్ళే. పొద్దున భజన, సాయంత్రం క్యారమ్స్. కాలికి వ్యాయామం చేయించడానికి ఇరవై నాలుగు గంటలూ మనుషులుంటారు."

"ఎన్నాళ్ళు?" అన్నాను, ప్రవీణని చూసి.

"కాలు బాగయ్యేదాకానే అమ్మా. కొన్నాళ్ళే."

కొన్నాళ్ళే. మా అక్క కొన్నాళ్ళే అని బళ్ళారి వెళ్ళింది, దాని కూతురి పురుడికి. మా ఆయన భీమేశ్వరరావు గారు రెండు రోజుల్లో వచ్చేస్తానని ఇస్త్రీ చొక్కా వేయించుకుని మరీ ఆసుపత్రికి వెళ్ళారు. నా జీవితంలో కొన్నాళ్ళకని గడప దాటిన మనిషి తిరిగి ఆ గడప ఎక్కడం నేను చూడలేదు. చేతులు పమిట చెంగులో దాచుకున్నాను.

సురేంద్ర నాకు చెవుడు కూడా ఉందనుకున్నట్టున్నాడు. దినేష్ వైపు వంగి, తగ్గించాననుకున్న గొంతుతో, "మొదట్లోనే తీసుకొస్తే మంచిది సార్," అన్నాడు. "అక్షరాలు మర్చిపోవడంతోనే మొదలవుతుంది. తర్వాత మనుషుల్ని."

"ఎవరు మర్చిపోయారు అక్షరాలు?" అన్నాను.

ప్రవీణ కళ్ళు తుడుచుకుంది.

"దివ్య చెప్పిందమ్మా. అ తర్వాత ఏమొస్తుందో కూడా నువ్వు చెప్పలేకపోయావట. పేపరూ చదవడం లేదు. నీకు చెప్పకుండానే డాక్టరుతో కూడా మాట్లాడాం. నీ తప్పు కాదమ్మా, వయసుతో వస్తుంది."

మూడు రోజులుగా నా ఇంట్లో, నా ముందర, నాకు మతి పోయిందని అనుకుంటూ నాకు అన్నం పెడుతున్నారు. నేను ముక్క ముక్క ఏరుకుని తెచ్చుకున్న వాటినే పారేసుకున్నానని తేల్చేశారు. దివ్య ఎవరో పరాయి పిల్ల. ఇది నా కడుపున పుట్టింది.

ఫ్యాను గాలికి ఆ రంగుల కాగితం టీపాయ్ మీంచి ఎగిరి దినేష్ పాదం మీద పడింది. ఆయన సురేంద్రతో ఏదో మాట్లాడుతూనే వంగి, తీసి, కళ్ళకద్దుకుని, తిరిగి పైన పెట్టాడు.

"ఎందుకు కళ్ళకద్దుకున్నారు బాబూ?" అన్నాను.

"ఏంటిదత్తా?"

"ఇప్పుడు. ఆ కాగితం."

ఆయన కాగితం వైపు చూశాడు. "కాలు తగిలింది కదత్తా."

"దివ్య నన్ను కాలితో అఆలు రాయమంది," అన్నాను.

ఫ్యాను తిరుగుతోంది. ప్రవీణ నా ముఖం చూసింది, తర్వాత నా కాలు చూసింది. దినేష్ తల వంచుకున్నాడు. సురేంద్రకి అర్థమైందో లేదో, "అదేం లేదమ్మా, గాలిలో రాస్తే దోషం ఉండదు," అని మొదలుపెట్టాడు.

"మేం మీకు ఫోన్ చేస్తామండీ," అంది ప్రవీణ.

"గది అట్టే పెట్టాను మేడం. రేపు కాక పై ఆదివారం నేనే బండి తీసుకొస్తాను," అని ఆయన వెళ్ళిపోయాడు.

తలుపు వేసి వచ్చి ప్రవీణ నా పక్కన కూర్చుంది. "చెప్పొచ్చుగా అమ్మా."

"నీకు చెప్పాలా? చిన్నప్పుడు లెక్కల పుస్తకం దాటానని, ఎక్కడ చదువు రాకుండా పోతుందోనని, దానికి దణ్ణం పెట్టి పెట్టి ఏడ్చింది ఎవరు?"

అది లేచి నా బల్ల మీదున్న కళ్ళజోడు తీసింది. ఒక అద్దం లేదు, రెండోది నెర్రెలు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తన బ్యాగులో పెట్టుకుంది. సోమవారం కొత్తది వచ్చింది.

సంగతి అక్కడితో తీరిపోయిందనుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని. ఆ వారమంతా ఆదివారం గురించి ఎవరూ ఎత్తలేదు. రావద్దని ఫోనూ చేయలేదు. బుధవారం నేనే అడిగాను, అది కూర తాలింపు పెడుతుంటే.

"ఆ సురేంద్రకి చెప్పావా?"

"చెప్పలేదమ్మా." గరిటె తిప్పుతూనే ఉంది. "మతి సంగతి కాదు సరే. మెట్లున్నాయి కదా. పగలంతా ఒక్కదానివే. మళ్ళీ పడితే ఎవరు చూస్తారు? నేను ఇంకో సెలవు అడిగితే ఇక రావద్దంటారు."

"అయితే మతి ఉన్నా పంపుతారన్నమాట."

"అలా అనకు."

"ఎలా అనాలో చెప్పు. ఈ మధ్య ఎలా మాట్లాడాలో కూడా మీరే నేర్పుతున్నారుగా."

గరిటె ఆగింది. అది పడతావేమో అంది గానీ, పడ్డది దేనికోసం వెళ్ళో అనలేదు. నేనూ అనలేదు. అనగలిగేదాన్నే. నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే ఆ పిల్ల ఇంక ఆ కార్డు మెడలో వేసుకోలేదని ఊరుకున్నాను. కానీ కోపం ఎక్కడికీ పోలేదు. కాలిలోకి దిగింది.

మర్నాడు దివ్య వచ్చింది. ప్రవీణ చెప్పినట్టుంది, గుమ్మంలోనే చెవులు పట్టుకుంది.

"తప్పైంది అమ్మమ్మా. మా నాయనమ్మకు తెలిస్తే నా వీపు పగులుతది. కాలేజీల గిట్లనే నేర్పిన్రు, అందరితోని రాయిస్త, ఎవ్వరూ ఏమనలే."

"మతి లేదని చెప్పేముందు నన్ను ఒక మాట అడగాల్సింది."

"అడగాల్సింది," అంది. నవ్వలేదు. తర్వాత నేల మీద కూర్చుని నా పాదం ఒళ్ళో పెట్టుకుంది. "జర చెప్పు మరి, ఏం రాద్దాం? సున్నాలు చుడదామా?"

"సున్నా కూడా అంకే కదే."

"ముగ్గు?"

"ముగ్గు చేత్తో పెట్టేది."

"జిలేబీ?"

"తినేదాన్ని కాలితోనా?"

"ఏం అమ్మమ్మా నువ్వు, ఈ కాలుకు పనే దొరకనిస్తలేవు."

"కాలి పని కాలికుంది. కుట్టు మిషను తొక్కదూ? మట్టి తొక్కదూ?"

దివ్య ఆలోచించి వంటింట్లోంచి అప్పడాల కర్ర తెస్తానని లేచి, నా ముఖం చూసి మళ్ళీ కూర్చుంది. చివరికి తన నీళ్ళ సీసా నేల మీద పడుకోబెట్టింది. దాని మీద పాదం పెట్టి ముందుకీ వెనక్కీ దొర్లించాను. తర్వాత ఊరికే, మిషను పెడలు మీద పెట్టినట్టు, మడమ లేపి వేళ్ళు దించి, వేళ్ళు లేపి మడమ దించి. తర్వాత గుంటలో మట్టి తొక్కినట్టు అటూ ఇటూ. చీలమండలో ఎండు కొమ్మ విరిచినట్టు చప్పుడైంది.

"నొస్తుందా?"

"నొప్పిగానే ఉంది. ఆపను."

ఆపలేదు. ఆమె వెళ్ళాక కూడా నేను ఆపలేదు. అన్నం తింటూ తొక్కాను, పేపరు చదువుతూ తొక్కాను. మర్నాడు దివ్య నన్ను తలుపు బయటికి తీసుకెళ్ళి, కిందికి పోయే మొదటి మెట్టు మీద నిలబెట్టింది.

"ఎక్కుడు సులువే అమ్మమ్మా. దిగుడే కష్టం. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు. రెయిలింగు ఇడువకు. తొందర పడకు."

ఆదివారం పొద్దున లేచేసరికి వాన పడి వెలిసింది. ప్రవీణ నా గదిలో ఏదో సర్దుతోంది. నా చీరలు నాలుగు, కొత్త కళ్ళజోడు పెట్టె, మందులు, గోధుమరంగు సంచిలో. "ఒకవేళ వెళ్తే అని," అంది నా వైపు చూడకుండా. సంచి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి స్నానానికి వెళ్ళింది. దినేష్ పాలకి వెళ్ళాడు.

తలుపు తీసుకుని బయటికి వచ్చాను.

దెబ్బ తగిలిన కాలు ముందు. అది మెట్టు మీద ఆని, వణికి, నిలబడింది. మంచి కాలు వచ్చి పక్కన చేరింది. మళ్ళీ అదే. వాన జల్లు కిటికీలోంచి పడి మెట్లు తడిగా ఉన్నాయి. పడితే వాళ్ళ మాటే నిజమవుతుంది, ఇంక ఏ నోటితో కాదనగలను? మధ్య మలుపులో ఆగి గోడకి ఆనుకున్నాను. పాదంలోంచి పిక్క దాకా మంట. పై ఫ్లోరు కుర్రాడెవరో చెవుల్లో ఏవో పెట్టుకుని పాటలు వింటూ పక్కనుంచి ఎక్కిపోయాడు. నన్ను చూడలేదు. మంచిదే అయింది.

కింద వాచ్‌మన్ ఓబులేసు కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చున్నాను. చీర కుచ్చెళ్ళు సర్దుకునేలోపే తెల్ల బండి వచ్చి గేటు ముందు ఆగింది. సురేంద్ర దిగి, వెనక తలుపు తీసి, మడత చక్రాల కుర్చీ దించుకున్నాడు. అప్పుడు నన్ను చూశాడు.

"అమ్మా, మీరు కిందే ఉన్నారే. ఎవరు దించారు?"

"దిగాను."

"మా పని తప్పించారు. రండి, బండెక్కుదురు."

"బండెక్కడానికి దిగలేదు బాబూ. ఇంటికొచ్చే మనిషికి ఎదురు వెళ్ళాలి కదా, అందుకని దిగాను. పైకి రండి, కాఫీ తాగి వెళుదురు గాని."

ఆయన ఏదో అనబోయాడు. నేను అప్పటికే లేచి రెయిలింగు పట్టుకున్నాను. మంచి కాలు ముందు. ఆ కుర్చీతో ఆయనకి నన్ను దాటి వెళ్ళడానికి చోటు లేదు. నా వెనకే, చక్రాల కుర్చీ చంకన పెట్టుకుని, ఒక్కో మెట్టుకీ ఆగుతూ ఎక్కాడు. మైకు గొంతు మనిషి ఒక్క మాట మాట్లాడలేదు. మధ్య మలుపులో ఆయనకి ఆయాసం వచ్చింది. "తొందరేం లేదు," అన్నాను.

పైన ప్రవీణ నిలబడి ఉంది. తడి జుట్టు, భుజం మీద తువ్వాలు. నన్ను గదిలో వెతికి, బాల్కనీలో వెతికి వచ్చినట్టుంది. నన్ను పట్టుకోబోయినట్టు ఒక మెట్టు దిగింది. నా పాదం వైపు చూసింది. అది మెట్టు మీద ఆనడం, నిలవడం చూసింది. దిగిన మెట్టు మళ్ళీ ఎక్కి, నాకు దారి వదిలి, గోడకి జరిగి నిలబడింది.

ఆఖరి మెట్టు ఎక్కాను. ఇద్దరం ఎదురెదురుగా ఉన్నాం. అది నా వెనక ఉన్న సురేంద్రని చూసింది, ఆయన చంకలోని కుర్చీని చూసింది.

"కాఫీ ఎందరికమ్మా?" అంది.

"నలుగురికి."

గుమ్మంలో అడ్డంగా ఉన్న నా సంచిని కాలితో లోపలికి నెట్టి, ప్రవీణ వంటింట్లోకి నడిచింది.